అద్దెకున్నవాళ్లు రిపేర్ అడిగితే ఏం చేయాలి? ఇంట్లోకి ఎలా వెళ్లాలి?

ఒకటో రెండో ఇళ్లు అద్దెకిచ్చి, మధ్యలో ఎవరూ లేకుండా అన్నీ సొంతంగా చూసుకునే ఓనర్ల కోసం ఇది. ఇల్లు మీదే, కానీ తాళం చెవి ఇచ్చేశాక అందులో కాపురం వాళ్లది. నన్నడిగితే గొడవలు చాలావరకు రిపేర్ ఖర్చు దగ్గర మొదలవవు. మెసేజ్ పెడితే ఓనర్ ఉలుకూ పలుకూ లేకపోవడం దగ్గరో, చెప్పాపెట్టకుండా వచ్చి తలుపు కొట్టడం దగ్గరో మొదలవుతాయి.

1. దిగిన రోజే చేయాల్సిన పని

ఇల్లు అప్పగించేటప్పుడు నీళ్ల మెయిన్ వాల్వ్, కరెంటు బోర్డులో మెయిన్ స్విచ్, గ్యాస్ వాల్వ్ ఎక్కడున్నాయో చూపించండి. చూపించి ఊరుకోకుండా ఒకసారి వాళ్ల చేతే తిప్పించండి. ఏళ్ల తరబడి ముట్టుకోని వాల్వ్ బిగుసుకుపోయి ఉంటుంది, ఆ సంగతి పైపు పగిలిన రోజున కాకుండా ఇప్పుడే తెలిస్తే మంచిది కదా. గదుల ఫొటోలు తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి.

ఏం కావాలన్నా ఒకే నంబర్‌కి రాసి పెట్టమనండి. మెట్ల మీద ఎదురుపడి "ఆ కుళాయి కారుతోందండీ" అంటే, "ఒక మెసేజ్ పెట్టేయండి, లేకపోతే మర్చిపోతాను" అనండి. ఎప్పుడు చెప్పారు, మీరేమన్నారు అనేది తేదీతో సహా రికార్డవుతుంది.

2. ముందు జవాబు, తర్వాత రిపేర్

మెసేజ్ రాగానే పరిష్కారం దొరకనక్కర్లేదు. "చూశానండి, ఒక ఫొటో పంపండి, రేపు సాయంత్రంలోగా ప్లంబర్ ఎప్పుడొస్తాడో చెప్తాను" అంటే చాలు, అవతలివాళ్ల టెన్షన్ సగం తగ్గుతుంది. చెప్పిన టైముకి ప్లంబర్ దొరకకపోతే ఆ మాటా మీరే ముందు చెప్పండి, వాళ్లు మళ్లీ అడిగేదాకా ఆగకండి.

3. ఏది ఎంత అర్జెంటు?

గ్యాస్ వాసన, బోర్డులోంచి కాలిన వాసన, పగిలిన పైపు, డ్రైనేజీ నీళ్లు ఇంట్లోకి ఎగదన్నడం, మెయిన్ డోర్ తాళం పడకపోవడం: ఇవి అప్పటికప్పుడు చూడాల్సినవి. గ్యాస్ వాసన అని ఫోన్ వస్తే ఇంకేమీ అడగకండి. ఏ స్విచ్చీ వేయొద్దు, ఆర్పొద్దు, తలుపులు తీసి అందరూ బయటికి వచ్చేయండి, బయటినుంచే గ్యాస్ ఎమర్జెన్సీ వాళ్లకి ఫోన్ చేయండి అని చెప్పండి.

నీళ్లు రాకపోవడం, ఉన్న ఒక్క టాయిలెట్టూ పనిచేయకపోవడం లాంటివి ఒకటి రెండు రోజుల్లో అయిపోవాలి. అల్మరా తలుపు వేలాడటం లాంటివి ఇద్దరికీ కుదిరిన రోజు చూసుకోవచ్చు.

గోడ చెమ్మ మాత్రం చూడ్డానికి చిన్నదే, వదిలేస్తే పెద్ద ఖర్చు. అది బాత్రూమ్ గోడకి అవతలి వైపు ఉంటే పైపునో టైల్స్ సందులనో అనుమానించాలి. బయటి గోడ మూలలో, అల్మరా వెనకాల నల్లగా బూజు పడితే చాలాసార్లు గాలి ఆడకపోవడమే కారణం. కారణం తేలకుండా పైన పెయింట్ వేయిస్తే కొన్నాళ్లకే మళ్లీ పెచ్చులూడుతుంది.

4. మనిషిని పంపే ముందు ఫోన్‌లోనే తేల్చుకోగలిగినవి

నీళ్ల బిల్లు ఉన్నట్టుండి పెరిగిందంటే, కుళాయిలన్నీ కట్టేసి మీటర్ చూడమనండి. అయినా తిరుగుతుంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టే. ఫ్లష్ ట్యాంకు మీద అనుమానముంటే అందులో కాస్త ఫుడ్ కలర్ వేసి, ఫ్లష్ చేయకుండా అరగంట ఆగాలి. కమోడ్‌లోకి రంగు దిగితే లోపలి వాషర్ పోయినట్టు.

ఎమ్‌సీబీ (కరెంటు బోర్డులో తనంతట తానే ఆఫ్ అయ్యే సేఫ్టీ స్విచ్) పదేపదే పడిపోతుంటే ప్లగ్గులన్నీ పీకేసి, ఎమ్‌సీబీ పైకి లేపి, ఒక్కొక్కటే పెట్టి చూడమనండి. ఏది పెట్టగానే పడిందో తప్పు దానిదే కావచ్చు. కాలిన వాసనో నిప్పురవ్వలో ఉంటే మాత్రం ఈ ప్రయోగాలేవీ వద్దు, ఎలక్ట్రీషియన్‌ని పంపండి.

5. ఇంట్లోకి వెళ్లాలంటే

కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగా చెప్పాలనే నియమం చాలాచోట్ల ఉంది. ఇంగ్లండ్, కాలిఫోర్నియా చట్టాల్లో ఆ మాట ఉంది. భారతదేశంలో 2021 నాటి నమూనా అద్దె చట్టం కూడా అంతే అంటుంది, పైగా సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత వెళ్లకూడదంటుంది (రాష్ట్రాలు దాన్ని తమ చట్టంగా చేసుకున్నచోటే వర్తిస్తుంది). మీ దగ్గరి చట్టం, మీ అగ్రిమెంట్ రెండూ ఒకసారి చదువుకోండి. మెసేజ్ ఇలా ఉంటే సరిపోతుంది:

"నమస్తే అండి. వంటింటి సింకు కింద లీకేజీ చూడటానికి గురువారం ఉదయం 10, 12 మధ్య ప్లంబర్‌తో నేనూ వస్తాను. అరగంట పని. కుదరకపోతే శుక్రవారం అదే టైము చెప్పండి."

వెళ్లాక బెల్ కొట్టి, వాళ్లు తలుపు తీసేదాకా ఆగండి. సింకు చూడటానికి వెళ్లి బెడ్‌రూమ్ దాకా నడవకండి. ఫొటో తీయాల్సి వస్తే రిపేర్ ఉన్నచోటే తీయండి, ఆరేసిన బట్టలూ పిల్లల సామాన్లూ అందులో పడకూడదు.

స్పేర్ తాళం చెవి మీ దగ్గరుండొచ్చు, కానీ అది ప్రమాదం వచ్చినప్పటికి. వాళ్లు ఊళ్లో లేనప్పుడు "మీరే తీసి చేయించేయండి" అంటే ఆ మాట మెసేజ్‌లో పెట్టించుకుని, పనయ్యాక ఫొటో పంపి, తాళం వేశానని చెప్పండి.

ఇక రావద్దంటే? ముందు ఎందుకో అడగండి. పరీక్షలకి చదివే పిల్లలో, నైట్ షిఫ్ట్ చేసి పగలు నిద్రపోయే మనిషో ఉండొచ్చు. రెండు మూడు టైములు రాసి పంపండి. అయినా ఒప్పుకోకపోతే, ఆలస్యం వల్ల ఏం పాడవుతుందో రాతలో పెట్టి, తర్వాత చట్టం చెప్పిన దారిలో వెళ్లండి. కోపంలో నీళ్లో కరెంటో ఆపితే మాత్రం అప్పటిదాకా మీవైపున్న న్యాయం కాస్తా వాళ్లవైపు వెళ్లిపోతుంది.

6. రిపేర్ కాని కోరికలు

గోడకి డ్రిల్లింగ్, ఏసీ, కుక్కపిల్ల, ఇంకో మనిషి వచ్చి ఉండటం... ఇలాంటివి అడిగితే మొహమాటానికి "చూద్దాంలెండి" అనకండి, వాళ్లు దాన్ని సరే అనే అనుకుంటారు. ఖాళీ చేసేటప్పుడు మళ్లీ మామూలుగా చేయగలమా, ఆ ఖర్చెవరిది అని తేల్చుకుని అవునో కాదో రాసి చెప్పండి. కాదంటే కారణం కూడా చెప్పండి. "ఏసీ పెట్టుకోండి, గోడకి పెట్టిన కన్నం వెళ్లేటప్పుడు పూడ్పించాలి" అన్నది ఒక్క లైనే, డిపాజిట్ తిరిగిచ్చే రోజున పెద్ద వాదన తప్పిస్తుంది.

చిన్న రిపేర్లకి ఒక హద్దు పెట్టుకుంటే ఇద్దరికీ సుఖం. ఫలానా మొత్తం లోపైతే వాళ్లే చేయించుకుని, బిల్లు ఫొటో పంపి, అద్దెలో తగ్గించుకోవచ్చని అగ్రిమెంట్‌లోనే రాయండి. కుళాయి వాషర్ కోసం మీరు ఆ చివరినుంచి రానక్కర్లేదు.