రబ్బరు కప్పతో కొర్రమీను పట్టడం ఎలా?

సామాను గురించి ఎక్కువ ఆలోచించొద్దు. 7 అడుగుల గట్టి రాడ్డు, రీలు, 40 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ లైన్ (పోగులు అల్లిన దారం), వెనక రెండు కొక్కేలున్న రబ్బరు కప్ప చాలు. మామూలు తంగుసు మాత్రం వద్దు, అది సాగుతుంది, కొర్రమీను గట్టి నోట్లో కొక్కెం దిగదు. కప్ప నల్లదే కొనండి. ఆకుపచ్చవి, పసుపువి మనల్ని పట్టడానికి చేసినవి, చేపల్ని కాదు.

తాటిపూడి, మడ్డువలస రిజర్వాయర్లంటూ దూరం పోనక్కర్లేదు, తామరాకులు, గుర్రపుడెక్క పట్టిన ఊరి చెరువో గెడ్డో చాలు. చెరువులు చాలావరకు మత్స్యకార సంఘాల చేతిలో ఉంటాయి కాబట్టి అడిగి వేయండి. తెల్లారే టైముకి గట్టు మీద ఉండాలి.

కొర్రమీను గాలి కోసం పైకొస్తుంది. నీళ్లు గుప్పున కదిలిన చోటికి నేరుగా విసరకుండా, దాన్ని దాటించి విసిరి, ఆకుల మీదుగా మెల్లగా లాక్కొచ్చి, నీళ్లు కనిపించే సందులో ఆపండి. రాడ్డు కొనతో కొంచెం కదపండి.

ఇక అందరూ చెడగొట్టేది ఇక్కడే. నీళ్లు భళ్లున లేస్తాయి, కప్ప మాయమవుతుంది, గట్టు మీదున్న నలుగురూ "లాగీరా, లాగీ!" అని అరుస్తారు. లాగొద్దు! కప్ప లోపల బోలుగా ఉంటుంది, కొక్కేల మొనలు దాని వీపుకి ఆనుకుని ఉంటాయి. చేప నోరు మూసి నొక్కితేనే రబ్బరు అణిగి అవి బయటపడతాయి. చప్పుడుకే లాగితే కప్ప మీ మొహం మీదికి వస్తుంది, కళ్లు జాగ్రత్త.

చప్పుడు విన్నాక రాడ్డు కొన కిందికి దించి, వదులుగా ఉన్న లైను చుట్టండి. ఒకటి రెండు సెకన్లలో చేతికి బరువు తెలుస్తుంది. అప్పుడు, అప్పుడే, రెండు చేతులతో రాడ్డుని ఒక్క ఊపున పైకి కొట్టాలి. బరువు తెలియకపోతే అది మిస్సయిందన్నమాట, కంగారుపడి చుట్టేయకుండా కప్పని అక్కడే వదిలి కాస్త కదపండి, చాలాసార్లు మళ్లీ వస్తుంది. ఇదంతా ఓపికలేని వాళ్లు బతికున్న కప్పని గుచ్చి రాత్రి గాలం కట్టేసి ఇంటికెళ్లి పడుకుంటారు. దాన్ని వేట అనను, కప్పకి నరకం, మీకు నిద్ర.

కొక్కెం దిగాక చేపని ఆకుల కిందికి పోనివ్వకుండా ఆపకుండా లాగండి. నోట్లో వేలు పెట్టొద్దు, పళ్లుంటాయి. నీళ్ల పక్కన పడేయొద్దు, గాలి పీల్చే చేప కదా, పాక్కుంటూ వెళ్లిపోతుంది.

వానాకాలంలో నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే అక్కడ విసరకండి. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, దేన్నైనా కొడతాయి. వాటిని పట్టడం గొప్ప కాదు, అవి పోతే పిల్లలు మిగతా చేపలకి మేత.

మధ్యమధ్యలో కప్పని పిండి లోపలి నీళ్లు తీసేయండి, లేకపోతే మునిగిపోతుంది.