‘రేపు రా’ అనకుండా చిన్న పనులను అప్పటికప్పుడే ముగించడం ఎలా

ఒకప్పుడు మన ఊళ్లలో ఇంటి తలుపుల మీద, గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసి ఉండేది. రాత్రివేళ తలుపు తట్టే దయ్యం ఆ రాత చదివి వెనుదిరుగుతుందని, మరునాడు వచ్చినా మళ్లీ అదే రాత చదివి పోతుందని జనం నమ్మేవారు. దయ్యం సంగతి ఎలా ఉన్నా, కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, చుట్టాలకు చేయవలసిన ఒక ఫోను వంటి పనులకు మనం రోజూ చూపించేది ఆ రాతనే. కాకపోతే పని వెళ్లిపోదు, గడపలోనే కూర్చుంటుంది.

ఈ వాయిదాకు విరుగుడుగా అమెరికాకు చెందిన రచయిత డేవిడ్ అలెన్ 2001లో ప్రచారంలోకి తెచ్చిన సూత్రం చాలా తేలికైనది. చేతికి వచ్చిన పని రెండు నిమిషాల్లో పూర్తయ్యేదైతే దానిని ఏ జాబితాలోనూ రాయకుండా అక్కడికక్కడే చేసేయాలి. దీని వెనుక ఉన్నది నీతిబోధ కాదు, ఒక లెక్క. పనిని రాసుకోవడం, తర్వాత ఆ చీటీని వెతకడం, ఏమిటో మళ్లీ గుర్తు తెచ్చుకోవడం, చేయాలా వద్దా అని మరోసారి ఆలోచించడం, ఇవన్నీ కలిపితే అసలు పనికి పట్టే సమయాన్ని మించిపోతాయి. రెండు అనే అంకెలో ప్రత్యేక మహిమ ఏమీ లేదు, తీరిక ఉన్న రోజున దానిని ఐదు చేసుకోవచ్చు.

మన అలవాట్లు ఇంకా పాత కాలంలోనే ఉండిపోవడం వల్ల ఈ సూత్రం ఇప్పుడు మరింత అవసరమని నా అభిప్రాయం. ఇదివరకు హన్మకొండలోనైనా కాజీపేటలోనైనా కరెంటు బిల్లు కట్టడమంటే కౌంటరు ముందు వరుసలో నిలబడి, చిల్లర సరిచూసుకొని, రసీదు తెచ్చుకోవడం. అది ఒక పూట పని, కాబట్టి వీలు చూసుకొని వెళ్దామనుకోవడంలో తప్పు లేదు. 2016లో యూపీఐ వచ్చిన తరువాత ఆ పని కూర్చున్న చోటనే నిమిషంలో ముగుస్తున్నది గానీ, ‘తర్వాత చూద్దాం’ అన్న మాట మాత్రం కౌంటరు నాటిదే. తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకమైన గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడి సున్నా బిల్లు అందుకొనే ఇళ్లలో మరపు ఇంకా ఎక్కువ. ఎండాకాలంలో రాత్రంతా కూలరు తిరిగి వాడకం 200 దాటిన నెలలో బిల్లు కట్టవలసి వస్తుంది, అయినా ఆ కాగితాన్ని చూడకుండానే కిటికీ ఊచల మధ్య దోపుతారు. కాగితం చేతిలో ఉండగానే మొత్తాన్ని, చివరి తేదీని చూసి, చెల్లించిన తరువాతనే దానిని పక్కన పెట్టండి.

చిన్న పనుల్లో చాలావాటికి, విత్తనానికి ఉన్నట్టే, ఒక అదను ఉంటుంది. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతునే తీసుకోండి. కాంటా అయిన తరువాత అతని చేతికి వచ్చే తక్‌పట్టీలో బస్తాలు, తూకం, ధర, కోతలు, రావలసిన మొత్తం ఉంటాయి. ఇంటికి పోయి చూసుకుందామని దానిని అంగీ జేబులో పెట్టి బండెక్కితే, నాలుగు రోజులకు అంగీతో పాటు తక్‌పట్టీ కూడా ఉతుకుడులో పడుతుంది. నిలబడిన చోటనే బస్తాల లెక్క సరిచూసి, ఫోనులో ఫొటో తీసి ఇంట్లో వాళ్లకు పంపడానికి రెండు నిమిషాలు చాలు. తూకంలో తేడా వస్తే అడగడానికి కూడా అదే సమయం, ఎందుకంటే బస్తాలు ఇంకా కళ్ల ముందే ఉంటాయి. ఇంటికి చేరిన తరువాత అడిగితే అది వాదన అవుతుంది.

సాధన మొదలుపెట్టేవారు ముందు ఒక్క రోజు తమ నోటి నుంచి ‘తర్వాత’ అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో గమనించాలి. వచ్చిన ప్రతిసారీ అది నిజంగా ఎంతసేపటి పనో ఫోనులోని గడియారం పెట్టి చేసి చూడాలి. మా ఇంట్లో కుక్కరు పిడి మర వదులైతే మూడు నెలల పాటు దానిని గుడ్డతో పట్టుకొని దించాను. బిగించడానికి నిమిషం కూడా పట్టలేదు. అంతకాలం నన్ను ఆపినది బద్ధకం అనుకున్నాను గానీ, స్క్రూడ్రైవరు సజ్జ మీద పాత ట్రంకు పెట్టెలో ఉండడమే అసలు కారణం. అందుచేత పని జరిగే చోటనే దానికి కావలసిన వస్తువును ఉంచడం ఈ పద్ధతిలో సగం విజయం: వంటింటి సొరుగులో స్క్రూడ్రైవరు, టీవీ పక్కన కత్తెర, పెన్ను, ఫోనులో కరెంటు సర్వీసు నంబరు, ఇంటి నంబరు.

అయితే ఈ సూత్రం ఎప్పుడు పడితే అప్పుడు వాడేది కాదు. వచ్చిన పనులను విడదీసి, ఏది ఏమిటో తేల్చుకొనే వేళకే అది ఉద్దేశించినది. హన్మకొండలో గదులు అద్దెకు తీసుకొని గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు అర్థశాస్త్రం పుస్తకం తెరవగానే నీళ్ల సీసా నింపడం, ఫోనుకు చార్జింగు పెట్టడం, బట్టలు మడత పెట్టడం గుర్తుకు తెచ్చుకుంటారు. అవన్నీ రెండు నిమిషాల పనులే, కానీ వరుసగా పది చేస్తే పొద్దు గడిచిపోతుంది, పుస్తకం మొదటి పేజీలోనే ఉంటుంది. ఏకాగ్రత కావలసిన పనిలో ఉన్నప్పుడు పక్కన ఒక చీటీ ఉంచుకొని, తోచిన చిన్న పనిని అందులో రెండు మాటల్లో రాసి, చదువు ఆపిన తరువాత అన్నీ ఒకేసారి ముగించడం మేలు.

వెంటనే చేయకూడని పనులు కూడా కొన్ని ఉన్నాయి. ‘ఈ రాత్రికే కరెంటు కట్ చేస్తాం, ఈ లింకు నొక్కండి’ అని వచ్చే సందేశం మన తొందరనే ఆసరాగా చేసుకొంటుంది. లింకు, ఓటీపీ ఉన్న ఏ పనినైనా ఆపి, విద్యుత్ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. పొరపాటున డబ్బు పోతే మాత్రం ఒక్క నిమిషం కూడా వాయిదా వేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోను చేయాలి. కుటుంబ వాట్సాప్ గ్రూపులో కోపంతో రాసే జవాబు కూడా ఆగవలసినదే.

పెద్ద పనుల విషయంలో వాటి కొసను పట్టుకోండి. ఆస్తి పన్నును ఏప్రిల్ ముగిసేలోగా ఏడాది మొత్తానికి కడితే 5 శాతం రాయితీ ఇచ్చే ఎర్లీ బర్డ్ పథకాన్ని మున్సిపాలిటీలలో ప్రకటిస్తుంటారు. డబ్బు సర్దుబాటు కావడానికి పది రోజులు పట్టవచ్చు గానీ, పాత రసీదు తీసి బాకీ ఎంతో చూసుకోవడం ఈ పూటే అయిపోతుంది.

రాత్రి పడుకొనే ముందు చీటీని ఒకసారి చూడండి. ఒకే పని మూడు రోజులు వరుసగా మిగిలి ఉంటే అది రెండు నిమిషాల పని కాదు. దానిని చీటీలో నుంచి కొట్టివేసి, క్యాలెండరులో ఒక తేదీ పక్కన, వేళతో సహా రాయండి.