వేక్‌బోర్డ్ పడవను ఇంటి గ్యారేజీలో పట్టించడం

అమెరికాలో చాలా ఇళ్ల గ్యారేజీ తలుపు ఎత్తు 7 అడుగులే కనుక, వేక్‌బోర్డ్ పడవను (వెనుక తాడు పట్టుకుని పలకపై నీటి మీద జారేవారిని లాగే మోటారు పడవను) ట్రైలర్‌తో సహా లోపల ఉంచదలచినవారు ముందుగా ఎత్తునే చూసుకోవాలి. టవర్‌ను (పడవపై తాడు కట్టే ఎత్తైన చట్రాన్ని) మడిచి, బోర్డు ర్యాకులు, స్పీకర్లు విప్పి, నేల నుంచి అత్యంత ఎత్తైన చోటు వరకు టేపుతో కొలవండి. వాకిలి వాలుగా ఉంటే, ట్రైలర్ చక్రాలు గడప దాటే సమయంలో పడవ ఒక కొన పైకి లేస్తుంది. సమతల నేలపై తీసుకున్న కొలత అక్కడ పనికిరాదు.

పొడవు విషయంలో తయారీదారు చెప్పిన అంకె చాలదు. కారుకు తగిలించే ట్రైలర్ కొస నుంచి వెనుక స్విమ్ ప్లాట్‌ఫామ్ (నీటిలోకి దిగడానికి ఉండే చిన్న వేదిక) అంచు వరకు కొలవాలి. ప్లాట్‌ఫామ్‌ను తీసివేసి, పక్కకు మడిచే రకం ట్రైలర్ అయితే ఆ కొసను మడిస్తే చెప్పుకోదగిన జాగా మిగులుతుంది. అప్పటికీ చాలకపోతే, రెండు కార్ల గ్యారేజీలో ఏటవాలుగా పెట్టి చూడవచ్చు. అయితే పడవ వెడల్పు ఎనిమిదిన్నర అడుగుల వరకు ఉండవచ్చు కాబట్టి, దీర్ఘచతురస్రంలా లెక్కిస్తే ఏటవాలు వల్ల పెద్దగా లాభం కనిపించదు. సన్నని ముందుభాగం గది మూలలోకి వెళ్లగలిగినప్పుడే ఎక్కువ ఉపయోగం. అందుకే పడవ ఆకారాన్ని నేలపై సుద్దతో గీసి చూడడమే నమ్మదగిన పద్ధతి.

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది, నేలబారుగా పాకుతుంది. అదే గదిలో గ్యాసు వాటర్ హీటర్ ఉంటే, దాని మంట ఆ ఆవిరికి అంటుకోవచ్చు కనుక, జాగా సరిపోయినా సరే, ఆ ప్రమాదం తొలగేవరకు పడవను లోపలికి తేకండి.