ఆఫీసు విషయం మెయిల్‌లో పంపాలా, వాట్సాప్‌లోనా: ఎలా తేల్చుకోవాలి?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల వ్యాపారం సగం వాట్సాప్ మీదే నడుస్తుంది. ఏ చెరువులో పట్టుబడి మొదలైందో, ఐసు లారీ ఎంతవరకు వచ్చిందో అందరికీ వెంటనే తెలియాలంటే అదే మేలు. ధర, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క), చెల్లింపు గడువు కూడా అదే గ్రూపులో పడి, శుభోదయం బొమ్మల కింద కూరుకుపోవడంతోనే చిక్కు.

1. ముందు తొందర ఎంతో చూడండి. గంటలోపు ఎవరో ఒకరు కదలాలంటే మెసేజ్ పెట్టండి. చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయాయంటే మెసేజ్ కూడా ఆలస్యమే, ఫోన్ చేయండి. నీటిలో ఆక్సిజన్ పడిపోతే పంటంతా పోతుంది.

2. ఆరు నెలల తర్వాత ఎవరైనా ఈ మాట అడుగుతారా? అడుగుతారనిపిస్తే మెయిలే. కిలోకు 50 రొయ్యలు తూగితే 50 కౌంటు. కౌంటు పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, ధర తక్కువ. అంటే ఒక్క అంకె తేడా వస్తే రైతు చేతికొచ్చే డబ్బే మారిపోతుంది. వాట్సాప్‌లో పంపిన మాటను 15 నిమిషాల దాకా మార్చవచ్చు, రెండు రోజుల దాకా అందరి ఫోన్లలోంచీ తీసేయవచ్చు. ఉద్యోగి మానేస్తే అతను విడిగా నడిపిన సంభాషణంతా అతని ఫోనుతోనే వెళ్లిపోతుంది. ఆఫీసు మెయిల్ ఖాతా మాత్రం ఆఫీసుకే మిగులుతుంది. ఒక్క మెయిల్‌లో ఒక్క విషయమే రాయండి. సబ్జెక్టులో ‘వివరాలు’ అని వదిలేయకుండా ‘పాలకొల్లు సరుకు, 50 కౌంటు, ధర ఖరారు’ అని పెడితే వెతకగానే దొరుకుతుంది.

3. తొందరా, ఆధారమూ రెండూ కావాలంటే ముందు మెసేజ్, సాయంత్రంలోగా అదే విషయం మెయిల్. ఇది రెట్టింపు పని కాదు. రేపటి తగాదాను ఈరోజే తప్పించడం.

4. రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలున్నాయేమో చూసే పరీక్ష రిపోర్టుల వంటివి మెయిల్‌కే జతచేయండి. జీమెయిల్‌లో 25 ఎంబీ దాకా వెళ్తాయి. వాట్సాప్ తప్పదనుకుంటే ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే అంకెలు మసకబారతాయి.

5. పని చేయాల్సినవారిని ‘టు’లో, తెలిస్తే చాలనుకున్నవారిని ‘సీసీ’లో ఉంచండి. ఎవరినైనా మందలించాలంటే గ్రూపులో వద్దు, మెయిల్‌లోనూ వద్దు. పిలిచి మాట్లాడండి. పదిమందిలో పోయిన పరువు తర్వాత ఎంత బతిమాలినా తిరిగి రాదు.

చివరగా, గ్రూపు వివరణలో ఈ ఒక్క వాక్యం రాసి పెట్టండి: ‘ధర, కౌంటు, చెల్లింపు గడువు మెయిల్‌లో వస్తేనే ఖరారు.’