జీడి తిన్న వేలిముద్రలు

మా అమ్మ పలాసలో జీడిపిక్కలు కొడుతుంది. తొక్కలోని జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. బొటనవేళ్లు నల్లబడి, గీతలు అరిగి నున్నగా అయిపోయాయి. రేషన్‌కి వెళ్తే మిషన్ వేలు తీసుకోదు. “ఇంకోసారి పెట్టమ్మా” అని డీలరు, వెనక లైనులో గొణుగుడు, అమ్మకి టెన్షన్.

బొటనవేలే పెట్టాలని ఏమీ లేదు. ఆధార్‌లో 10 వేళ్లూ, 2 కనుపాపలూ నమోదై ఉంటాయి. పిక్క పట్టుకునే వేళ్లే ఎక్కువ పాడవుతాయి కాబట్టి ఎడమచేతి ఉంగరం వేలు పెట్టించాను. చెయ్యి సబ్బుతో కడిగి, కాస్త కొబ్బరినూనె రాసి తుడిచి, మిషన్ అద్దాన్నీ గుడ్డతో తుడిచాక పడింది. ఆ అద్దం మీద పేరుకున్న జిడ్డు ఎవరికీ పట్టదు మరి!

వేలి గీతల మూలం చర్మం లోపలి పొరలో ఉంటుంది. అది దెబ్బతినకపోతే, పైపొర ఎంత అరిగినా మళ్లీ అవే గీతలు వస్తాయి. అందుకే అమ్మ కొన్నాళ్లు పనికి వెళ్లనప్పుడు చూసి, ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించాను. ఇప్పుడు బొటనవేలు కూడా పడుతోంది. గ్లౌజులు వేసుకోమంటే మాత్రం “పిక్క జారిపోతాదిరా” అంటుంది. సరే, మళ్లీ అరిగితే కంటి స్కానర్ అడగమన్నాను.