శనక్కాయకు ఊడ దిగకపోతే, ఆల్పైన్ పాపీ మాడిపోతే: సమస్య - పరిష్కారం

నేను కదిరి దగ్గర శనక్కాయ చేలల్లో పెరిగాను. ఇప్పుడు ఉంటున్నది జర్మనీలోని మ్యూనిక్‌లో. అద్దెకు తీసుకున్న చిన్న తోట ముక్కలో ఏటా రెండు రకాల మొక్కలు వేస్తాను. ఇంటి మీద బెంగతో శనక్కాయ, ఇక్కడి కొండల మీద ఇష్టంతో ఆల్పైన్ పాపీ అనే చిన్న పూల మొక్క. రెండింటి గురించీ నన్ను చాలామంది అడుగుతుంటారు. ఇక్కడి మనవాళ్లు "పల్లి మొక్క పచ్చగానే ఉంది, కాయలే లేవు" అంటారు. హైదరాబాద్ నుంచి బంధువులు "పాపీ విత్తనాలు తెప్పించాం, ఒక్కటీ బతకలేదు" అంటారు.

శనక్కాయ దక్షిణ అమెరికాలో పుట్టిన మొక్క. దానికి వెచ్చని నేల, మూడు నాలుగు నెలల వేడి కావాలి. ఆల్పైన్ పాపీది ఆల్ప్స్ పర్వతాల్లో చెట్లు కూడా పెరగనంత ఎత్తు. రాళ్ల ముక్కలు జారిపడి పేరుకున్న వాలుల్లో, చలికాలమంతా మంచు కింద ఉండి, వేసవిలో జానెడు కాడ మీద పువ్వు పూస్తుంది. కింద చెప్పే సమస్యల్లో సగం ఒకదానికి చేయాల్సిన సేవ ఇంకొకదానికి చేయడం వల్ల వచ్చేవే.

మొలకే రాలేదు

శనక్కాయ అయితే ముందు నేల వేడి చూడండి. మట్టి 18 డిగ్రీలైనా లేకపోతే గింజ మొలవకుండా కుళ్లిపోతుంది. మ్యూనిక్‌లో మే నెల సగం దాకా రాత్రి మంచు భయం ఉంటుంది కాబట్టి నేను ఏప్రిల్ మధ్యలో ఇంట్లోనే కాగితపు కుండీల్లో పెట్టి, మే చివర్లో కుండీతో సహా బయట నాటుతాను. గింజ ఎర్ర పొర చెదరకుండా ఉండాలి. పొర ఊడినది, బద్దలైనది నేలలో తొందరగా బూజు పడుతుంది. వేయించినది ఎలాగూ మొలవదు. లోతు 5 సెంటీమీటర్లు చాలు.

పాపీ మొలవకపోతే కారణం దాదాపు ఎప్పుడూ రెండిట్లో ఒకటి: విత్తనం మీద మట్టి కప్పడం, లేదా దానికి చలి తగలకపోవడం. అది ఆవగింజ కన్నా చాలా చిన్న విత్తనం. తడి ఇసుక మీద చల్లి, వేలితో మెల్లగా అదిమి వదిలేయాలి. వెలుతురు తగలనివ్వాలి. చలి దేశంలో ఉంటే శరదృతువులో బయట చల్లితే చాలు, మిగతాది మంచు చూసుకుంటుంది. లేదంటే తడి ఇసుకలో కలిపి మూడు నాలుగు వారాలు ఫ్రిజ్‌లో ఉంచి తర్వాత చల్లండి.

పాపీ మొలిచింది, మార్చి నాటగానే వాడిపోయింది

దాని తల్లివేరు సన్నగా, పొడవుగా నేరుగా కిందికి పోతుంది. అది తెగితే మొక్క కోలుకోదు. ఎక్కడ పూయాలో అక్కడే విత్తండి, ఒత్తుగా వస్తే పక్కవి పీకేయండి. కొండల మీద కనిపించిన మొక్కను తవ్వి తెచ్చుకోవద్దు. చట్టం సంగతి అటుంచితే, అలా తెచ్చింది ఎలాగూ బతకదు.

ఆకులు పసుపెక్కి తెల్లబడుతున్నాయి

ఇక్కడ కొంచెం ఆగి చూడాలి, ఏ ఆకులు పసుపెక్కాయో దాన్ని బట్టి మందు మారుతుంది.

శనక్కాయలో పైన కొత్తగా వచ్చిన లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుప ధాతువు లోపం. ముదిరితే ఆకు మొత్తం తెల్ల కాగితంలా అవుతుంది. సున్నం ఎక్కువున్న నేలల్లో ఇది మామూలు. నేలలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. మ్యూనిక్ ఊరంతా ఆల్ప్స్ నుంచి కొట్టుకొచ్చిన సున్నపు గులకరాళ్ల మీదే ఉంది, కుళాయి నీళ్లలోనూ సున్నమే. మొదటి ఏడాది నా మొక్కలు తెల్లబడితే నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోశాను, ఇంకా తెల్లబడ్డాయి. మన రైతులు వాడే మందే ఇక్కడా పనిచేసింది: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయాలి. వారం పది రోజులకు మళ్లీ ఒకసారి. కుండీల్లో అయితే వాన నీళ్లు పట్టి పోయండి.

అలా కాకుండా కింది ముదురు ఆకులు ముందు పసుపెక్కితే నత్రజని లోపం. ఒక మొక్క పీకి వేరు చూడండి. బుడిపెలు లేకపోతే, ఉన్నా కోస్తే లోపల గులాబీ రంగు కనిపించకపోతే, నత్రజని అందించే బ్యాక్టీరియా లేదన్నమాట. శనక్కాయ ఎన్నడూ పండని నేలల్లో ఇది జరుగుతుంది. వచ్చే ఏడు విత్తనానికి శనక్కాయకు పనికొచ్చే రైజోబియం కల్చర్, అంటే ఆ బ్యాక్టీరియా ఉన్న పొడి, పట్టించాలి. ఈ ఏటికి కాస్త కంపోస్టుతో గట్టెక్కించండి.

నా శనక్కాయను తెల్లబరిచిన ఆ గులకరాళ్లలోనే పాపీ హాయిగా పెరుగుతుంది. బవేరియా కొండల్లో తెల్లగా పూసే రకం పుట్టిందే సున్నపు రాళ్లలో. దాని ఆకులు మొదలు దగ్గర పసుపెక్కి మెత్తబడితే అది లోపం కాదు, తడి ఎక్కువై కుళ్లడం. ఎరువు, అన్నభేది ఏవీ వద్దు. మట్టిలో సగానికి సగం గులకరాయి కలిపి, మొక్క మొదలు చుట్టూ రెండు వేళ్ల మందాన రాళ్లు పరిచి, నీళ్లు తగ్గించండి.

శనక్కాయకు పూలు బోలెడు, కాయలు లేవు

మా అమ్మ ఫోన్‌లో మొదట అడిగేది ఇదే: "ఊడలు దిగే ముందు మట్టి ఎగదోసినావా లేదా నాయనా?"

శనక్కాయ పువ్వు నేల పైన పూస్తుంది. ఫలదీకరణ అయ్యాక దాని మొదలు నుంచి ఊడ బయలుదేరి నేలలోకి దిగాలి. చీకట్లో, తేమలో దాని కొన ఉబ్బితేనే కాయ. ఊడకు నేల అందకపోతే గాల్లోనే ఎండిపోతుంది. కాబట్టి మూడు విషయాలు చూడండి. నేల గట్టిగా బిగుసుకుందా? పూత మొదలయ్యేటప్పుడే పైమట్టి గుల్ల చేసి మొక్క మొదలుకు ఎగదోయండి. నేల వేడి కోసం నల్ల ప్లాస్టిక్ పరిచారా? ఇక్కడ చాలామంది చేసే తప్పు ఇదే, ఊడ ప్లాస్టిక్ మీద ఆగిపోతుంది. పూత రాగానే తీసేయండి. ఊడలు దిగాక కలుపు తీస్తూ మొదళ్లు కదిపారా? ఆ దశలో పార పెట్టకూడదు, కలుపు చేత్తో పీకాలి.

కాయలు వచ్చినా లోపల లొట్టగా ఉంటే సంగతి వేరు. కాయకు కావలసిన కాల్షియంలో ఎక్కువ భాగం వేళ్ల ద్వారా రాదు, కాయ తన చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా తీసుకుంటుంది. అందుకే మన దగ్గర పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం (కాల్షియం ఉన్న ఖనిజం) మొక్కల మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోస్తారు. కుండీ తోటకు లెక్క వేసుకుంటే చదరపు మీటరుకు 50 గ్రాములు. కాయ ఊరేటప్పుడు నేల ఎండిపోయినా లొట్టలే, ఎందుకంటే తేమ లేకపోతే కాల్షియం కాయలోకి పోదు. మ్యూనిక్ లాంటి సున్నపు నేలలో మాత్రం జిప్సం కోసం పరిగెత్తనక్కర్లేదు. అక్కడ లొట్టలకు కారణం కాయ ముదరక ముందే చలి రావడం. నేల మీద పాకకుండా గుబురుగా పెరిగే గుత్తి రకం, తక్కువ రోజులది ఎంచుకుని, సెప్టెంబరు నుంచి రాత్రిళ్లు కప్పి ఉంచండి.

పాపీ మొగ్గ వేసింది, ఎండకు మాడిపోయింది

హైదరాబాద్, విజయవాడ, అనంతపురం వాళ్లకు ఉన్న మాట చెప్పేస్తాను: ఆల్పైన్ పాపీని మన మైదానాల్లో బతికించలేం. నీడ వల, ఐసు ముక్కలు, ఏసీ గది ఏవీ దానికి కొండ గాలి కాలేవు. పాపీ పువ్వే కావాలంటే పొలం పాపీ అని పిలిచే ఎర్రపూల రకాన్ని అక్టోబరు, నవంబరులో విత్తి చలికాలంలో పూయించుకోవచ్చు. ఎండలు ముదిరేసరికి దాని కాలం అయిపోతుంది.

ఒక హెచ్చరిక. వంటింటి గసగసాలు వచ్చేది నల్లమందు మొక్క నుంచి, ఆల్పైన్ పాపీ నుంచి కాదు. గసగసాల మొక్కను లైసెన్స్ లేకుండా పెంచడం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం మన దేశంలో నేరం. పేరు సరిగ్గా రాయని విత్తనాల ప్యాకెట్ కొనొద్దు. ఆల్పైన్ పాపీ కంటికి ఇంపు కోసమే, దాని విత్తనాలు కూరలో వేయకండి.

రెండు మూడేళ్లకే పాపీ చచ్చిపోయింది

మీ తప్పు కాదు. దాని ఆయుష్షు తక్కువ. కాయ ఎండి పైన చిన్న రంధ్రాలు తెరుచుకున్నాక పక్క గులకరాళ్ల మీద వంచి దులపండి, పిల్ల మొక్కలు వాటంతట అవే లేస్తాయి.

తవ్విన శనక్కాయలకు బూజు

మన ఇళ్లలో నూనె, చట్నీ, చిక్కీ అన్నీ దీనితోనే, పశువులకు మేతగా కట్టె (ఎండిన మొక్క), చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) కూడా దీనివే. అందుకే ఈ సమస్యను తేలిగ్గా తీసుకోకూడదు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన శనక్కాయ చెక్కలోని బూజు విషమని తేలింది. అలా బయటపడిందే అఫ్లాటాక్సిన్. వేయిస్తే అది పూర్తిగా పోదు.

ముందు కాయ ముదిరిందో లేదో చూడండి: డొప్ప లోపలి వైపు గోధుమ, నలుపు రంగుకు తిరిగి ఉండాలి. తవ్వేటప్పుడు పార తగిలి పగిలిన కాయలను వేరు చేయండి, బూజు ముందు పట్టేది వాటికే. మిగతావి తేమ 9 శాతం లోపుకు వచ్చేదాకా ఆరబెట్టాలి. కొలిచే మిషన్ లేకపోతే కాయను చెవి దగ్గర ఊపండి, గింజ గలగలమనాలి. మ్యూనిక్ అక్టోబరు ఎండ దీనికి చాలదు. నేను జల్లెడలో పలచగా పరిచి హీటర్ పక్కన పెట్టి, రోజుకు రెండుసార్లు తిప్పుతాను. రంగు మారినది, ముడతపడినది, చేదుగా తగిలినది ఒక్క గింజైనా సరే, పిల్లల గిన్నెలోకి పోనివ్వకుండా పారేయండి.