కొత్త రూలు మీద పార్లమెంటుకు ఉత్తరం ఎలా రాయాలి

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు లైసెన్సు కాగితాలు చూడటం నా పని. ఆహార భద్రతా ప్రాధికార సంస్థ (FSSAI) కొత్త రెగ్యులేషన్ ఏదైనా తెచ్చిందంటే చాలు, ఓనర్లు వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసి "ఇదేంది సార్?" అంటారు. ఫార్వర్డ్ చూసి టెన్షన్ పడకండి. ముందు ఈ-గెజిట్ సైట్ నుంచి అసలు నోటిఫికేషన్ దించుకోండి.

అది డ్రాఫ్టా, ఫైనలా చూడండి. 2006 ఆహార భద్రతా చట్టం 92వ సెక్షన్ ప్రకారం రెగ్యులేషన్‌ను ముందుగా ప్రచురించాలి. డ్రాఫ్టే అయితే అభ్యంతరాల గడువు అందులోనే రాసి ఉంటుంది. ఆలోపు పంపేయండి, పని సులువు.

ఫైనల్ అయిపోతే 93వ సెక్షన్ తీయండి. చట్టం చివరి పేజీల్లో ఉంటుంది కాబట్టి ఎవరూ చదవరు. రూలునైనా, రెగ్యులేషన్‌నైనా పార్లమెంటు రెండు సభల ముందు మొత్తం 30 రోజులు ఉంచాలి. ఒక సెషన్‌లో ఆ రోజులు పూర్తికాకపోతే వరుసగా వచ్చే సెషన్లలో కలుపుకుంటారు. ఆ తర్వాతి సెషన్ ముగిసేలోపు రెండు సభలూ ఒప్పుకుంటే దాన్ని మార్చవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. అయితే అప్పటికే దాని కింద జరిగినవి చెల్లుతాయి. కట్టిన ఫైన్ వెనక్కి వస్తుందని ఓనరుకు ఆశ పెట్టకండి.

రద్దు తీర్మానం నెగ్గడం కష్టం. 2012లో ఐటీ మధ్యవర్తుల రూల్స్ (వేరేవాళ్లు పెట్టే పోస్టులను చూపించే వెబ్‌సైట్ల లాంటివాటికి పెట్టిన రూల్స్) మీద కేరళ ఎంపీ పి.రాజీవ్ రాజ్యసభలో పెట్టిన తీర్మానం వీగిపోయింది. మరుసటి ఏడాది అవే రూల్స్‌ను మార్చాలని లోక్‌సభ సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ (చట్టాల కింద చేసే రూల్స్, రెగ్యులేషన్లను పరిశీలించే కమిటీ) నివేదిక ఇచ్చింది. అందుకే నేను కమిటీకే రాయమంటాను. అందులో 15 మంది ఎంపీలు ఉంటారు, మంత్రులు ఉండరు.

"నష్టపోతున్నాం, ఆదుకోండి" అని మూడు పేజీలు రాస్తే మాత్రం లాభం లేదు. కమిటీ చూసే విషయాలు వేరు. చట్టం ఇవ్వని అధికారం వాడారా? రూలు పేరుతో పన్ను వేశారా? చట్టంలో అనుమతి లేకుండా పాత తేదీ నుంచి అమలు చేశారా? కోర్టుకు వెళ్లే దారి మూశారా? సభ ముందు పెట్టడంలో కారణం లేకుండా ఆలస్యం చేశారా? మీ బాధ వీటిలో ఎక్కడ పడుతుందో తేల్చుకోండి. మొదటి పేరాలోనే గెజిట్ నంబరు, తేదీ, చట్టం సెక్షన్, మీ అభ్యంతరం రాయండి. ఫ్యాక్టరీ కష్టం ఆ తర్వాత నాలుగు లైన్లలో చెబితే చాలు. లోక్‌సభ సచివాలయంలోని ఆ కమిటీ పేరున స్పీడ్ పోస్టు చేసి, ఒక కాపీ మన ఎంపీ ఆఫీసులో ఇచ్చి అందినట్టు స్టాంపు వేయించుకోండి. పీఏతో ఫోన్లో చెప్పిన మాటకు ఫైలు ఉండదు.

మనకు ఇంకో తంటా ఉంది. వర్షాకాల సమావేశాలు సాధారణంగా జులైలో మొదలవుతాయి, అప్పుడే గేటు బయట తోతాపురి మామిడి లోడ్లు క్యూ కట్టి ఉంటాయి. ఆ హడావిడిలో ఉత్తరం ఎవరు రాస్తారు? మే నెలలోనే రాసి పెట్టుకోండి.

రాష్ట్రం చేసిన రూలైతే ఢిల్లీకి పంపకండి. మన శాసనసభకూ ఇలాంటి కమిటీ ఉంది. సభ ముందు ఉంచే గడువు ఒక్కో చట్టంలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి అక్కడా చివరి సెక్షన్లు చూసి లెక్కవేసుకోండి.